తెర ఒకటే... పనులు రెండు!

ఇంట్లో ఉన్నది ఒక్కటే మానిటర్‌. అమ్మాయికేమో కంప్యూటర్‌లో కాలేజీ ప్రాజెక్టు. నాన్నకేమో సాయంత్రమైతే చాలు, హామ్‌ రేడియో. మరి రెండో తెర కొనాల్సిందేనా? అక్కర్లేదు.

ఒకప్పుడు హామ్‌లకు తెరతో పనే లేదు. చెవికి హెడ్‌ఫోను, చేతికి మోర్స్‌ కీ ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఐకామ్‌ ఐసీ-7610 లాంటి సెట్ల వెనక డీవీఐ సాకెట్‌ ఉంటోంది. దానికి మానిటర్‌ తగిలిస్తే బ్యాండులో ఎక్కడెక్కడ సిగ్నళ్లు ఉన్నాయో బొమ్మలా కనిపిస్తుంది.

ముందు మానిటర్‌ వెనక చూడండి. రెండు సాకెట్లుంటే ఒకటి కంప్యూటర్‌కి, ఇంకొకటి రేడియోకి. ఆపైన ‘ఇన్‌పుట్‌’ మీట నొక్కి మార్చుకోవడమే. ఒక కొస డీవీఐ, మరో కొస హెచ్‌డీఎంఐ ఉన్న మామూలు కేబుల్‌ చాలు. పాత వీజీఏ మానిటరైతే మాత్రం కేబుల్‌తో పనవదు, కన్వర్టర్‌ కావాలి. ఉన్నది ఒకే హెచ్‌డీఎంఐ సాకెటైతే చిన్న స్విచ్‌ పెట్టె కొనుక్కోవచ్చు.

గురగుర ఎక్కడిది?

మానిటర్‌ పెట్టాక రేడియోలో రొద పెరిగిందా? సిగ్నల్‌ లేని చోట ట్యూన్‌ చేసి, మానిటర్‌ ప్లగ్‌ తీసి చూడండి. రొద తగ్గితే దొంగ దొరికినట్టే! కేబుల్‌ కొసలకు ఫెర్రైట్‌ బిళ్లలు బిగించండి. యాంటెన్నాని వీలైనంత దూరం జరపండి.

మరో జాగ్రత్త. తెర కంప్యూటర్‌కి మారినంత మాత్రాన రేడియో ఆగిపోదు. అది ప్రసారం చేస్తూనే ఉండొచ్చు. లేచే ముందు సెట్‌ మీది ఎర్రదీపం చూసుకోవాలి.

కరెంటు పోతే?

అసలు పరీక్ష అప్పుడే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ అమెచ్యూర్‌ రేడియో తరఫున వెళ్లిన హామ్‌ల బృందం అండమాన్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన వేళ అయినవాళ్ల క్షేమ సమాచారాన్ని వాళ్లే రేడియోలో చేరవేశారు. అలాంటి రోజున సెట్‌ 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. గోడ ప్లగ్గుని నమ్ముకున్న మానిటర్‌ నడవదు. కోస్తాలో ఉండే హామ్‌లకు ఇది మరీ ముఖ్యం.

అందుకే వారానికో గంట తెర ఆపేసి, సెట్‌ మీది మీటలతోనే పనిచేయడం అలవాటు చేసుకోవాలి. ఆ గంటసేపూ మానిటర్‌ ఎటూ పిల్లలదే!