వెంకాయమ్మ అంటే నవ్వెందుకు?

కోడ్‌లో ఒక వేరియబుల్ పేరు కోసం అరగంట కొట్లాడుకునే మా ఇంజనీర్లు, ఇంటికి ఆడపిల్లిని తెచ్చుకోగానే ఆలోచించకుండా లూనా అనేస్తారు. లూనా అంటే లాటిన్‌లో చంద్రుడు, మా నాన్నల తరానికి మోపెడ్. అయినా ఎవరూ నవ్వరు. వెంకాయమ్మ అంటే మాత్రం పగలబడి నవ్వుతారు. ఆ నవ్వు పిల్లి మీద కాదు, ఆ పేరున్న అమ్మమ్మల మీద. ఆవుని లక్ష్మి అంటే భక్తి, పిల్లిని వెంకాయమ్మ అంటే జోకా? మనుషుల పేర్లు జంతువులకేంటి అంటారా? సీతా ‘వచ్చింది’, పిల్లీ ‘వచ్చింది’ అనే మన వ్యాకరణం మీద లేని అభ్యంతరం పేరు మీదెందుకు? మా పిల్లి పేరు వెంకాయమ్మే. నవ్వకుండా పిలవండి. కూతురికీ పెట్టక, పిల్లికీ పెట్టకపోతే ఆ పేరు ఇక పాత రేషన్ కార్డుల్లోనే మిగులుతుంది.