పైన పటారం చాలదు: పేవర్ల కింద పునాది అడిగి వేయించుకుందాం

డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు ఇంటి యజమానులకు విజ్ఞప్తి



నోవై, కాంటన్, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్... ఈ ఊళ్ళలో చాలా సబ్‌డివిజన్లలో మన తెలుగువాళ్ళ ఇళ్ళున్నాయి. ఇల్లు కొని కాస్త కుదురుకున్నాక పెరట్లో ప్యాషియో వేయించాలి, వాకిలి దాకా నడక దారి వేయించాలి అన్న కోరిక సహజంగానే పుడుతుంది. మంచి కోరికే. ఎండాకాలం ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం కూర్చునేది అక్కడే. పిల్లల పుట్టినరోజుకు పదిమంది కలిసి భోంచేసేదీ అక్కడే. మా విన్నపమల్లా ఒక్కటే. చదరపు అడుగుకు ఎంత అని అడిగే ముందు, కింద ఎన్ని అంగుళాల కంకర వేస్తారని అడుగుదాం. దానికి కాగితం మీద జవాబు రాసిచ్చే నిపుణుడికే పని ఇద్దాం.

మంచు కరిగాక చూడండి

మార్చి నెలాఖరున మన వీధుల్లో ఒకసారి నడిచి రండి. గరాజ్ గచ్చుకు ఆనించి వేసిన పేవర్లు కుంగిపోయి, గచ్చు అంచు పైకి తేలి ఉంటుంది. ఆ పేవర్ల కింద ఉన్నది ఇల్లు కట్టినప్పుడు పునాది గోడ పక్కన తవ్వి మళ్ళీ పూడ్చిన మట్టి. దాన్ని గట్టిపరచకుండా పైన రాళ్ళు పరిచేశారు. డౌన్‌స్పౌట్ నీళ్ళు పడేచోట గుంట పడి నీళ్ళు నిలిచి ఉంటాయి. అంచు వరస పచ్చికలోకి జరిగి, రాయికీ రాయికీ మధ్య వేలు దూరేంత సందు కనిపిస్తుంది. మెట్ల దగ్గర ఒక రాయి అరంగుళం లేచి ఉంటుంది. మంచు తీసే పార దానికి తగిలితే మోచేయి దాకా జల్లుమంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు తూలి పడడానికి ఆ అరంగుళం చాలు. ఇంతా చేసి రాళ్ళు మాత్రం కొత్తవాటిలాగే మెరుస్తుంటాయి. పైన పటారం, లోన లొటారం అని పెద్దలన్నది ఇలాంటి పనుల గురించే.

మన ఊళ్ళో నిలిచింది ఇక్కడ ఎందుకు నిలవదు?

గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇంటి ముందు పార్కింగ్ టైల్స్ వేయించడం మనలో చాలామంది చూసిందే. మేస్త్రి వచ్చి నేల చదును చేసి, డస్ట్ పోసి, దిమ్మిసతో కొట్టి, సాయంత్రానికి బిళ్ళలు పరిచి వెళ్తాడు. ఏళ్ళ తరబడి అది బాగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ నేల గడ్డకట్టదు. మిషిగన్‌లో ఇంటి పునాదులను 42 అంగుళాల లోతుకు దించుతారు. చలికి నేల అంత లోతు దాకా గడ్డకట్టవచ్చన్న లెక్క మీదే ఆ కొలత పెట్టారు.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుందని బడిలో చదువుకున్నాం. నేలను లేపేది అదొక్కటే అయితే ఇంత నష్టం జరగదు. అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ నీటికి బదులు బెంజీన్‌తో తడిపిన మట్టిని గడ్డకట్టించి, ఆ ఫలితాలను 1930లో ప్రచురించాడు. గడ్డకట్టేటప్పుడు బెంజీన్ ఉబ్బదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి పైకి లేచింది. దీన్నిబట్టి తేలిందేమిటంటే, గడ్డకడుతున్న పొర కిందనుంచి కొత్త నీటిని లాక్కుంటుంది. దీపం వత్తి నూనె పీల్చినట్టు సన్నని మట్టి నీటిని పైకి పీలుస్తుంది. ఆ నీరు మంచు పలకలుగా పేరుకుని, పైనున్న బరువునంతా ఎత్తుతుంది. వసంతంలో ఆ పలకలు కరిగితే నేల బురదై మెత్తబడుతుంది, కారు చక్రం కింద దిగబడుతుంది.

ఇలా జరగడానికి చలి, నీరు, నీటిని పీల్చే సన్నని మట్టి మూడూ కలవాలి. చలిని ఆపడం మన చేతిలో లేదు. మిగతా రెండూ మన చేతిలోవే. ఈ ప్రాంతంలో చాలాచోట్ల నీరు ఇంకని బంకమట్టి ఉంది. ఆ మట్టిని తగినంత తీసేసి, దాని స్థానంలో కంకర వేసి, నీరు నిలవకుండా వాలు ఇవ్వాలి. అందుకోసం 42 అంగుళాలూ తవ్వక్కర్లేదు. పేవర్లు విడివిడి రాళ్ళు, మధ్యలో ఉన్నది ఇసుక. కింద పొర అంతటా ఒకేలా ఉంటే అవి కలిసి కొద్దిగా లేచి, కలిసి దిగుతాయి. పొర ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటేనే ఎగుడుదిగుడులు వస్తాయి. పెర్గోలా స్తంభాలు నాటితే మాత్రం వాటి పునాది పూర్తి లోతుకు దిగాల్సిందే.

సరైన పని ఎలా ఉంటుంది?

పేవర్ల పరిశ్రమ మార్గదర్శకాల ప్రకారం నడక దారికి, ప్యాషియోకు గట్టిపరిచిన కంకర పొర కనీసం 4 అంగుళాలు, డ్రైవ్‌వేకు 6 అంగుళాలు ఉండాలి. నీరు బాగా ఇంకే నేలకు చెప్పిన కొలతలివి. చలి ప్రాంతాల్లో, తడి నేలల్లో ఇంకా పెంచమని అవే మార్గదర్శకాలు చెబుతాయి. మన బంకమట్టికి ప్యాషియో కింద 8 అంగుళాలు, కారెక్కే చోట 10 నుంచి 12 అడగడం సబబు. మట్టికీ కంకరకూ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచాలి, లేకపోతే కంకర మెల్లగా బంకమట్టిలోకి దిగిపోతుంది. ఇక్కడివాళ్ళు 21ఏఏ అనే కంకరను ఒకేసారి కుమ్మరించకుండా, 4 నుంచి 6 అంగుళాల పొరలుగా వేసి, ప్రతి పొరనూ ప్లేట్ కాంపాక్టర్‌తో అణచాలి. ఆ పైన ఒక్క అంగుళం కాంక్రీటు ఇసుక. రాతి పొడి అక్కడ వాడకూడదు, అది నీటిని పట్టి ఉంచుతుంది. అంచు పట్టీలు మేకులతో కంకర పొరలోకే దిగాలి. ఇంటి గోడ నుంచి బయటికి అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి.

రాళ్ళ విషయానికొస్తే, ఏఎస్‌టీఎం సీ936 ప్రమాణం అడగండి. దాని ప్రకారం సగటు బలం చదరపు అంగుళానికి 8,000 పౌండ్లకు తగ్గకూడదు, సగటున 5 శాతానికి మించి నీటిని పీల్చకూడదు.

మనమే వేసుకోలేమా?

ఇంజనీర్లం, వీడియోలు చూసి నేర్చుకుంటాం, వారాంతంలో మిత్రులొస్తారు అనుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఉత్సాహాన్ని గౌరవిస్తూనే ఒక లెక్క చెబుతాం. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున్న ప్యాషియోకు సుమారు అడుగు లోతు తవ్వాలి. అంటే 400 ఘనపుటడుగుల మట్టి, దాదాపు 20 టన్నులు. తిరిగి వేసే కంకరే 10 ఘనపు గజాలు దాటుతుంది, పేవర్లు మరో 5 టన్నులు. ఇది యంత్రాలతో చేయాల్సిన పని. పూల మడి చుట్టూ అంచు, తోటలో చిన్న బాట చేతనైనవాళ్ళు సంతోషంగా వేసుకోవచ్చు. ఇంటికి ఆనుకున్నది, కారెక్కేది, పెద్దవాళ్ళు నడిచేది మాత్రం నిపుణులకే వదిలేద్దాం.

ఎవరు తవ్వినా ముందు మిస్ డిగ్ 811కు చెప్పడం చట్టం. మూడు పనిదినాల ముందు చెబితే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. మన స్ప్రింక్లర్ పైపులకు వాళ్ళు గుర్తులు పెట్టరు, అవి మనమే చూపించాలి.

ఒప్పందంలో ఇవి లేకపోతే సంతకం వద్దు

1. తవ్వే లోతు, అణచిన తర్వాత కంకర పొర ఎన్ని అంగుళాలు, ఏ రకం కంకర, గుడ్డ, వాలు అంకెల్లో రాసి ఉండాలి.

2. ఇసుక పరచకముందు ఇంటి యజమాని వచ్చి టేపుతో కొలిచి, ఫొటోలు తీసుకునే హక్కు ఉండాలి. మూడు నాలుగు చోట్ల కొలవండి, ముఖ్యంగా గరాజ్ పక్కన.

3. లైసెన్స్ నంబరు, లయబిలిటీ బీమా, పనివాళ్ళ బీమా పత్రాలు ఇవ్వాలి. లైసెన్సును రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ లారా దగ్గర సరిచూసుకోండి. పేవర్ల పరిశ్రమ సంఘం సీఎంహెచ్ఏ, అంటే పాత ఐసీపీఐ, ఇచ్చే పేవర్ల పని సర్టిఫికెట్ ఉన్నవారికి మొదటి పిలుపు ఇవ్వండి.

4. కుంగుబాటుకు కనీసం రెండు చలికాలాల పూచీ రాసివ్వాలి. రాళ్ళ కంపెనీ ఇచ్చే జీవితకాలపు వారంటీ రాళ్ళకే గానీ, కింద కుంగిన నేలకు వర్తించదు.

5. డబ్బు పని దశలను బట్టి చెల్లించాలి. ఆఖరి వాయిదాకు ముందు, సరుకు అమ్మినవాళ్ళ బాకీలు తీరాయని లీన్ వేవర్ తీసుకోవాలి.

ఖర్చెక్కువ కదా?

ఎక్కువే. తక్కువ కొటేషన్‌కూ ఎక్కువ కొటేషన్‌కూ మధ్య తేడా చాలాసార్లు కంటికి కనబడని కింది పొరలోనే ఉంటుంది. అక్కడ మిగిల్చిన డబ్బు మళ్ళీ అన్నీ పీకి వేయించేటప్పుడు పోతుంది, అప్పుడు కూలీ రెండుసార్లు ఇచ్చినట్టే. బడ్జెట్ చాలకపోతే విస్తీర్ణం తగ్గించండి, లోతు తగ్గించకండి. ఈ ఏడు ప్యాషియో, వచ్చే ఏడు నడక దారి వేయించుకోవచ్చు. ఇంటికొచ్చి తలుపు తట్టి, ఇవాళే అడ్వాన్స్ ఇస్తే తగ్గిస్తామనే వాళ్ళకు తొందరపడి సంతకం పెట్టకండి. పెట్టినా, మన ఇంట్లోనే చేసుకున్న ఇలాంటి బేరాలు చాలావాటిని మూడు పనిదినాల్లోగా రద్దు చేసుకునే హక్కును ఫెడరల్ నిబంధన ఇస్తోంది.

కలిసి చేద్దాం

ఒక వీధిలో మూడు నాలుగు ఇళ్ళవాళ్ళం కలిసి ఒకే కాంట్రాక్టర్‌ను పిలిస్తే యంత్రాలు ఒక్కసారే వస్తాయి, ధర మాట్లాడే బలమూ వస్తుంది. మూడు చలికాలాలు దాటిన పాత పనులు చూపించమని కాంట్రాక్టర్‌ను అడిగి, వెళ్ళి చూద్దాం. అలాగే మన హెచ్‌ఓఏ సమావేశాల్లో ఒక ప్రతిపాదన పెడదాం: పేవర్ల అనుమతి దరఖాస్తులో రంగు, ఆకారంతో పాటు కంకర పొర మందం, నీరు ఎటు పోతుందన్న వివరం కూడా తప్పనిసరి చేయాలి. వాలు తప్పితే నీరు చేరేది పక్కింటి బేస్‌మెంట్‌కే కాబట్టి, ఇది అందరి మేలు కోరే నియమం.

గడ్డకట్టిన నేలను అణచడం, దాని మీద ఇసుక పరచడం కుదరదు. అందుకే పని ఎండాకాలంలో, బేరం చలికాలంలో. జనవరి, ఫిబ్రవరిల్లో మూడు కొటేషన్లు తెప్పించుకోండి. ఉగాది నాటికి పై అయిదు షరతులతో ఒప్పందం చేతిలో ఉండాలి. ఈ కరపత్రం చదివాక పక్కింటివారికి ఇవ్వండి. కొటేషన్ ఇచ్చే ప్రతి కాంట్రాక్టర్‌నూ మొదటి ప్రశ్నగా కింద ఎన్ని అంగుళాలని అడగండి. అందరం అడగడం మొదలుపెడితే, అంకె రాయకుండా మన సబ్‌డివిజన్‌లో ఎవరూ పని తీసుకోలేరు.

ఇట్లు,
సాటి ఇంటి యజమానులు