థీసిస్ రాయడం ఎవరు నేర్పాలి?

పీహెచ్‌డీ ఎక్కడ ఆగిందని అడిగితే, నాకు తెలిసిన తొలితరం దళిత, ఆదివాసీ పరిశోధకుల్లో చాలామంది ఒకే మాట చెబుతారు: "పనంతా అయిపోయింది, రాయడమే మిగిలింది." ఫీల్డ్‌వర్క్ పూర్తయింది, నోటుపుస్తకాలు నిండాయి, చాప్టర్ మాత్రం కదలదు. క్యాంపస్ దీన్ని బద్ధకం అంటుంది, లేదా 'మెరిట్' లేదంటుంది. నేను ఒప్పుకోను. కొందరికి చాప్టర్ చదివి దిద్దేవాళ్లు ఇంట్లోనే, బంధువుల్లోనే ఉంటారు. ఆ వారసత్వం లేనివాళ్లకు నేర్పాల్సింది విశ్వవిద్యాలయమే.

పరిశోధకులకు తమ సబ్జెక్టులో బోధనతోపాటు రచనలోనూ శిక్షణ ఉండాలని యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలే చెబుతున్నాయి. నేను చూసినంతలో అది కోర్స్‌వర్క్‌లో ఒకటి రెండు క్లాసులతో ముగుస్తోంది. శిక్షల విషయంలో మాత్రం లోటు లేదు. 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే సవరించి మళ్లీ ఇవ్వాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ కొంటారు. ఇతరుల వాదనను సొంత మాటల్లో ఎలా చెప్పాలో పక్కన కూర్చుని చూపించే మనిషిని నియమించరు. పైగా ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ 5 ఏళ్లకే ఆగుతుంది, పీహెచ్‌డీ గడువు 6 ఏళ్లు. సరిగ్గా రాసే ఏడాదికే చేతిలో డబ్బుండదు.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో 'డిసర్టేషన్ బూట్ క్యాంప్' పేరుతో రచనా శిబిరాలు నడుస్తున్నాయి. కొన్ని రోజులపాటు నిర్ణీత గంటల్లో అందరూ ఒకచోట కూర్చుని రాస్తారు, రాసిన పేజీలపై సలహా తీసుకుంటారు. మన దగ్గర ప్రతి సెమిస్టర్‌లో రెండు వారాలు ఇలా నడపడం అసాధ్యం కాదు. భోజనం, వసతి ఇవ్వాలి. తల్లులైన పరిశోధకులకు పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉండాలి. తెలుగులో ఆలోచించి ఇంగ్లిషులో రాసేవాళ్లకు రెండు భాషలూ తెలిసినవాళ్లు తోడుండాలి. అయితే దీనికి 'రెమెడియల్' అని పేరు పెట్టి రిజర్వేషన్ విద్యార్థులకే పరిమితం చేస్తే, అది సాయం కాదు, ఇంకో ముద్ర. శిబిరం అందరిదీ కావాలి.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు బాబాసాహెబ్ సమర్పించిన రూపాయి సమస్య థీసిస్‌ను 1923లో పరీక్షకులు సవరించమన్నారు. సవరించి ఇచ్చాక అదే ఏడాది డీఎస్సీ వచ్చింది. ఆయన వాదనతో ఏకీభవించకపోయినా గురువు ఎడ్విన్ కానన్ ఆ పుస్తకానికి ముందుమాట రాశారు. అంతటి మేధావి కూడా తిరగరాశారు. ఏకీభవించకపోయినా శ్రద్ధగా చదివే గురువు ఆయనకు దొరికారు. మన పిల్లలకు ఆ చదివే మనిషి అదృష్టం కొద్దీ దొరకకూడదు, హక్కుగా దొరకాలి. విద్యార్థి సంఘాలు ఫెలోషిప్ బకాయిలతోపాటు ఈ డిమాండ్‌నూ వీసీల ముందు పెట్టాలి.