బువ్వ కూడా మాటే

ఖురం నుంచి ఈసారి కోపంగా రాస్తున్నాను. కోపంలో నా ఒత్తులు ఇంకా తప్పుతాయి. సర్దుకోండి.

డిగ్రీ రెండో ఏడాది అయ్యాక, వేసవిలో ఎనిమిది వారాలు ఒక ఆటిజం పరిశోధనలో పనిచేశాను. తల్లీబిడ్డలు ఆడుకునే వీడియోలు చూడాలి. బిడ్డ ఎన్ని మాటలు అన్నాడో లెక్కపెట్టాలి. విద్యార్థులకి ఇచ్చే పని అదే.

మూడో వారంలో ఒక బాబు వీడియో వచ్చింది. మూడేళ్లుంటాయేమో. ఖాళీ గిన్నె చూపించి వాళ్ళమ్మతో "బువ్వ" అన్నాడు. మళ్ళీ అన్నాడు. నా పక్కనున్న అమ్మాయి "శబ్దం" అని గుర్తు పెట్టింది. మాటల గడిలో సున్నా. ఆమె తప్పు కాదు. ఇంగ్లీషు కాని మాటకి ఆ కాగితంలో చోటే లేదు.

"అది మాట" అన్నాను. "నీకెలా తెలుసు?" అన్నారు.

ఎలా తెలుసంటే, మా తమ్ముడి మొదటి మాట కూడా అదే. వాడికి మూడేళ్లప్పుడు ఒక థెరపిస్టు "ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లీషే" అన్నారు. మా అమ్మది రాజమండ్రి. ఆ రోజే తెలుగు ఆపేసింది. అమ్మ ఇంగ్లీషులో జోల లేదు, బుజ్జగింపు లేదు. "కమ్, సిట్, ఈట్" మాత్రమే ఉన్నాయి. తమ్ముడు బువ్వ అనడం మానేశాడు. నాకప్పుడు ఏడేళ్లు. నేనూ తెలుగు మర్చిపోయాను. ఇప్పుడు ఇరవై ఏళ్లకి గుణింతాలు దిద్దుతున్నాను.

ఆ సలహాకి ఆధారం ఏది? కేథరిన్ హాంబ్లీ, ఎరిక్ ఫాంబోన్ ఆటిజం ఉన్న పిల్లల్లో రెండు భాషలు వినేవాళ్ళనీ ఒకే భాష వినేవాళ్ళనీ పోల్చి 2012లో ఒక పేపరు రాశారు. రెండో భాష వల్ల మాటలు అదనంగా ఆలస్యమైనట్టు వాళ్ళకి కనబడలేదు. ఇలాంటి పేపర్లు మొదటి వారమే మా చేత చదివించాలి. చదివించలేదు.

లెక్క ఎలా తీస్తే అలా వస్తుంది. ఒమన్‌లో 2011లో వచ్చిన అధ్యయనం పదివేల మంది పిల్లల్లో 1.4 మందికి ఆటిజం అంది. 2019లో వచ్చింది 20.35 అంది. ఇన్ని రెట్లు పిల్లలు మారిపోతారా? వెతికే తీరు మారింది, తల్లిదండ్రులకి తెలిసింది. 2019 లెక్క ఒమనీ పిల్లలది. మనలాంటి ఇళ్ల పిల్లలు అందులో లేరు.

"ఎనిమిది వారాల్లో విద్యార్థులు భాషలు నేర్చుకుంటారా?" అని అడుగుతారు. భాష మొత్తం ఎవరు నేర్చుకోమన్నారు? ఒక్క పేజీ చాలు. వీడియో తీసే ముందు ఆ తల్లిని అడగండి: మీ ఇంట్లో అన్నాన్ని బాబు ఏమంటాడు? నీళ్ళని? స్నానాన్ని? ఆ పేజీ పక్కన పెట్టుకుని లెక్కపెట్టండి. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ మన దేశానికి సరిపోయేలా 40 అంశాలతో ఆటిజం కొలమానమే తయారు చేసింది. మనం ఒక పేజీ చేయలేమా?

ఇప్పుడు మీతో ఒక మాట. మన తెలుగు మూడేళ్ల పిల్లల తెలుగు దగ్గర ఆగిపోయిందని సిగ్గుపడతాం. బువ్వ, లాల, జోజో, బూచి. ఆ గదిలో పనికొచ్చింది ఆ తెలుగే! అక్కడ ఇంకెవరికీ రాని మాట నాకు వచ్చు. అందుకే వచ్చే వేసవికి ఇలాంటి పనికి అప్లై చేస్తే, భాషల దగ్గర "తెలుగు, కొంచెం" అని రాయండి. దాచకండి. మొదటి రోజే అడగండి: ఇంటి మాటకి ఈ కాగితంలో గడి ఎక్కడుంది?

మా కాగితంలో నేను పెన్నుతో గీశాను. అందులో ఆ బాబుకి రెండు వేశాను. ఆ గీత ఉంచుతారో తీసేస్తారో ఇంకా చెప్పలేదు.

మీ ఇంటి చంటిమాటలు కింద రాయండి. ఆ పేజీ నేను మొదలుపెట్టేశాను. మొదటి వరుస అమ్మ చెప్పింది, తెలుగులోనే.