పలక కన్నా ముందు పిండిముద్ద!

మూడేళ్లు నిండీ నిండకముందే పలక చేతికిచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి 'అ' దిద్దమంటాం. చిన్నారి రెండు నిమిషాలు దిద్దుతుంది. మూడో నిమిషంలో బలపం విరుగుతుంది, పలక మంచం కిందకి వెళ్తుంది. 'దీనికి చదువు మీద ధ్యాసే లేదు' అని పెద్దవాళ్లు తేల్చేస్తారు.

ధ్యాస లేక కాదండీ! సన్నటి బలపాన్ని పట్టి తిప్పే బలం ఆ వేళ్లకు ఇంకా రాలేదు. పైగా మనం మొట్టమొదట ఇచ్చే 'అ' మెలికలు తిరిగిన అక్షరం. చేతకాని పని పదేపదే చేయమంటే ఎవరికైనా విసుగే. అక్షరం అనగానే అమ్మ కోపం గుర్తొచ్చే పరిస్థితి ఈ వయసులోనే ఏర్పడితే, పుస్తకంతో స్నేహం కుదరడం కష్టం. అందుకే ముందు అక్షరాలతో ఆడుకోనివ్వండి. రాత దానంతటదే వస్తుంది.

పళ్లెంలో రాత: అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి రాయిస్తాం. ఆ పద్ధతిని ఆ ఒక్కరోజుకే ఎందుకు పరిమితం చేయాలి? అంచున్న పళ్లెంలో బొంబాయి రవ్వ పలుచగా పరచి వేలితో రాయనివ్వండి. తప్పు పోతే పళ్లెం ఒక్కసారి కుదిపితే సరి... అంతా మాయం! కొట్టివేతలుండవు, చివాట్లుండవు.

చేగోడీ అక్షరాలు: చపాతీలు చేసేటప్పుడు చిన్న పిండిముద్ద ఇచ్చి తాడులా పొడవుగా చేయమనండి. రెండు కొసలూ కలిపితే చేగోడీ... అదే సున్నా. దానిపైన తలకట్టు పెడితే 'ర'. గొడుగులా వంచి తలకట్టు పెడితే 'గ'. 'వ' చేశాక కుడిపక్కన తోక తగిలిస్తే 'మ'. అక్షరమాల వరుసలోనే నేర్పాలన్న పట్టింపు వద్దు. తేలిక రూపాలు ముందు, మెలికలవి తర్వాత. పిండి పిసకడం వేళ్లకు మంచి కసరత్తు కూడా.

గరుకు అక్షరాలు: మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో పిల్లల బడి తెరిచారు. గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లలు వేలితో తడుముతూ నేర్చుకోవడం ఆమె పద్ధతుల్లో ముఖ్యమైనది. 1939లో మద్రాసు వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకూ శిక్షణ ఇచ్చారు. ఇంట్లో అయితే పాత శుభలేఖ అట్ట చాలు. దానిమీద జిగురుతో పెద్ద అక్షరం రాసి, పైన రవ్వ చల్లి ఆరనివ్వండి. కళ్లు మూసుకుని తడిమి, ఏ అక్షరమో చెప్పడం ఆట!

అక్షరాల బుట్ట: తెలుగులో అక్షరం పేరూ, అది పలికే శబ్దమూ ఒకటే. 'డబ్ల్యూ'లా పేరొకటి, పలుకు మరొకటి కాదు. ఈ సౌకర్యాన్ని వాడుకోండి. ఈ వారం 'గ' అనుకుంటే గరిటె, గంట, గంప... ఇల్లంతా తిరిగి వెతికి తెమ్మనండి. గింజలు, గుండీల్లాంటి చిన్నవి మాత్రం వద్దు. నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది.

బెండకాయ అచ్చు: తొడిమ వైపు అడ్డంగా కోసిన బెండకాయను పసుపు కలిపిన నీళ్లలో ముంచి, మీరు గీసిన పెద్ద అక్షరం వెంట అద్దమనండి. పువ్వుల అక్షరం తయారవుతుంది. దాన్ని వారం రోజులు గోడకు అంటించి ఉంచండి.

పేపర్లో వేట: మీరు చదివేసిన ఈ పుస్తకాన్నే ఇవ్వండి. పెద్ద శీర్షికల్లో తన పేరులోని మొదటి అక్షరం ఎక్కడెక్కడుందో రంగు పెన్సిలుతో సున్నా చుట్టమనండి. పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైన అక్షరం అదే.

వాకిట్లో ఆట: సుద్దముక్కతో తొక్కుడు బిళ్ల గడులు గీసి, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాయండి. బిళ్ల పడిన గడిలోకి వెళ్లి ఆ అక్షరం గట్టిగా పలకాలి. ఒంటికాలితో గెంతలేకపోతే నడిచినా ఫర్వాలేదు.

వీటిలో రోజుకు ఒకటి, అదీ పది నిమిషాలు చాలు. వారానికి ఒక అక్షరం వచ్చినా ఎక్కువే. 'పక్కింటి పాప అప్పుడే గుణింతాలు రాస్తోంది' అన్న మాట చిన్నారి చెవిన పడనీయకండి. కొన్ని అక్షరాలను అద్దంలో బొమ్మలా తిరగేసి రాయడం ఈ వయసులో మామూలే, కంగారుపడొద్దు. ఏడేళ్లు దాటాక కూడా తరచూ అలాగే రాస్తూ, చదవడంలోనూ ఇబ్బంది పడుతుంటే మాత్రం నిపుణులకు చూపించండి.

ఇంతకీ పలక ఎప్పుడివ్వాలంటారా? 'అమ్మా, నా పేరు నేను రాస్తా' అని తనే వచ్చి అడిగిన రోజు!