చెవిలో పత్తి

మొన్న శివరాత్రికి పదిరోజుల ముందు మాట. సత్తెనపల్లి బస్టాండు దగ్గర టీ కొట్లో కూర్చుని వుండగా డప్పు మేళం పెద్దాయన కనిపించాడు. మా వీధిలో పెళ్ళి జరిగినా, అమ్మవారి కొలుపు జరిగినా ఆయన డప్పు మోగనిదే పని మొదలు కాదు.

"ఏం బాబాయ్, కొండకు ఎప్పుడు కదులుతున్నారు?" అని పలకరించాను.

"కోతకు ఇంకా వారం పడుద్ది మాస్టారూ, కాయ పండలా" అన్నాడు.

నేను కోటప్పకొండ తిరునాళ్ళ సంగతి అడిగితే ఆయన మిరపకోత సంగతి చెప్పాడు. పక్కనున్న కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆయన మాట్లాడుతున్నంతసేపూ కుడిచెవి నావైపు తిప్పి పెదవుల వంక చూస్తున్నాడు. డప్పు ఎడమ భుజాన వేలాడుతుంది. నలభయ్యేళ్ళ మోత ముందుగా తిన్నది ఆ ఎడమ చెవే.

నవ్వులు ఆయన కనిపెట్టకపోలేదు. కాసేపు వూరుకుని అసలు సంగతి బయటపెట్టాడు. "నాదంటే అయిపోయింది. ఈ యేడు మనవడు ప్రభ ముందర వాయిస్తానంటున్నాడు. చెవుల్లో పత్తి పెట్టుకోమన్నాను. చాలుద్దా?"

పత్తి పండించే సీమలో పుట్టినవాణ్ణి, పత్తిని తక్కువ చేసి మాట్లాడాలంటే నోరు రాదు. అయినా నిజం చెప్పక తప్పదు. చెవిలో దూది ఆపగలిగేది మహా అయితే అయిదారు డెసిబెల్సు. గాలికి అడ్డంలేని చోట శబ్దానికీ అడ్డం లేదు. దూది పెట్టుకున్నాననే ధైర్యంతో ఇంకో గంట ఎక్కువ నిలబడడం ఒక్కటే దానివల్ల వచ్చే ఫలితం.

ఈ రోగం ఈనాటిది కాదు. రేకులు సాగగొట్టే కంచరివాళ్ళకు చెవుడు వస్తున్నదని ఇటలీ వైద్యుడు రామజ్జినీ పద్దెనిమిదవ శతాబ్దం మొదట్లోనే రాశాడు. 1886లో థామస్ బార్ అనే వైద్యుడు గ్లాస్గోలో బాయిలర్లు చేసే పనివాళ్ళ చెవులు పరీక్షించి అదే మాట రుజువు చేశాడు. లోపలిచెవిలో నత్తగుల్ల వంటి భాగమొకటి వున్నది. దానిలో ఒక్కో చెవికి సుమారు పదిహేను వేల చిన్న కేశకణాలుంటాయి. పెద్ద మోతకు అవి పడిపోతాయి. వరిపైరు గాలికి పడితే తెల్లవారి లేస్తుందేమోగాని, ఇవి చచ్చినవి మళ్ళీ మొలవవు. ముందుగా పోయేది సెకనుకు నాలుగువేల కంపనాల దరిదాపున వుండే సన్నని ధ్వనులు. అంటే అచ్చులు మిగులుతాయి, క, త, స వంటి హల్లులు జారిపోతాయి. అందుకే ఆయనకు మనిషి మాట్లాడుతున్నట్లు తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నదీ తెలియదు. కొండ కోత అయ్యేది ఇలాగే.

లెక్క కూడా కొంచెం చెప్పుకోవాలి. 85 డెసిబెల్సు మోతలో రోజుకు ఎనిమిది గంటలుండవచ్చునని నిపుణుల అంచనా. ఆపైన ప్రతి మూడు డెసిబెల్సుకూ వ్యవధి సగమైపోతుంది. నూరు దగ్గరకు వచ్చేసరికి మిగిలేది పదిహేను నిమిషాలు. కాచి బిగించిన డప్పు పక్కన నూరు దాటడం ఏమంత విడ్డూరం కాదు. దానికి తోడు ఇప్పుడు ప్రభ వెనుక పెద్ద పెద్ద స్పీకర్లు, దారి పొడుగునా బాణసంచా. మేళం వాయించేది పదిహేను నిమిషాలా? రాత్రల్లా! ఫ్యాక్టరీలో పనివాడి చెవులకు ఏవో నిబంధనలంటూ వున్నవి. ప్రభ ముందర నడిచేవాడి చెవుల గొడవ ఎవరికీ పట్టలేదు.

సరే, మర్నాడు మందులషాపులో నురుగు బిళ్ళలు కొన్నాను. ఇయర్ ప్లగ్గులంటారు. జత పదో ఇరవయ్యో. వేళ్ళ మధ్య నలిపి పుల్లలా సన్నగా చేసి, రెండో చేతిని తలమీదుగా పోనిచ్చి చెవిని పైకి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టి వుంచాలి. సరిగా కూర్చుంటే మన గొంతు మనకే బానలో మాట్లాడినట్లు వినిపిస్తుంది. వూరికే అంచున గుచ్చుకుంటే దూదికీ దానికీ తేడా లేదు. పెట్టెమీద ముప్పై డెసిబెల్సు తగ్గిస్తుందని రాసి వుంటుంది. అది ప్రయోగశాల మాట. మన చేతుల్లో సగం దక్కితే సంతోషించాలి.

ఇక్కడ మా సీమవాళ్ళకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. పగలు మిరపకోతకు వెళ్ళి రాత్రికి డప్పు పట్టేవాళ్ళు చాలామంది. ఆ చేతులతో బిళ్ళ నలిపి చెవిలో పెట్టుకున్నారో, ఇక డప్పు అక్కర్లేదు, వాళ్ళే చిందులు తొక్కుతారు. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే ముట్టుకోవాలి. మనవడు తొలిరోజున కడుక్కోలేదు. ఆ ముచ్చట వదిలేస్తాను.

రెండోరోజు సాధనలో కుర్రవాడు పావుగంటకే బిళ్ళలు పీకి పారేశాడు. "సిర్ర దెబ్బ వినపడుతోంది, చిటికెనపుల్ల వినపడటంలా" అన్నాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. పెద్దాయన నన్ను ఆపి, "వాడు చెప్పింది నిజమే మాస్టారూ. పుల్ల వినపడకపోతే చెయ్యి బరువెక్కుద్ది, పక్కవాడి నడక అందదు" అన్నాడు. నేను పుస్తకాల్లో చదివింది ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. నురుగు బిళ్ళ సన్నని ధ్వనులను ఎక్కువగా, బొంగురు ధ్వనులను తక్కువగా మింగుతుంది. పుల్ల వినబడనివాడు ఇంకా గట్టిగా కొడతాడు. పక్కవాడి చెవికి అది ఇంకో దెబ్బ.

ఈ చిక్కు అందరు వాద్యగాళ్ళకూ వచ్చిందే. 1988లో అమెరికాలో మీడ్ కిలియన్ సంస్థ సంగీత విద్వాంసుల కోసమే ఒక రకం ప్లగ్గులు తెచ్చింది. లోపల చిన్న వడపోత వుంటుంది. బొంగురునీ, సన్నాన్నీ ఇంచుమించు ఒకే పాళ్ళలో పదిహేను డెసిబెల్సు తగ్గిస్తుంది. పాట చెడదు, మోత తగ్గుతుంది. నూరు కాస్తా ఎనభై అయిదవుతుంది. అంటే పావుగంట కాస్తా ఎనిమిది గంటలయినట్లు. చెవి కొలత తీసి చేయించుకునేవి మన జేబులకు అందవుగాని, మూడంతస్తుల రబ్బరు గొడుగుల్లా వుండే తయారురకాలు వెయ్యి, రెండు వేలలో దొరుకుతాయి. కడిగి వాడుకుంటే చాలాకాలం వస్తాయి. తలకు తగిలించుకునే పెద్ద డిప్పలూ వున్నవిగాని, గుంటూరు ఎండలో చెమటకు అవి నిలవవు. పైగా వెనుక వచ్చే లారీ హారను వినపడకపోతే అదో ప్రమాదం. ఎంచుకునేటప్పుడు ఎక్కువ ఆపేది మంచిదనుకోకండి. వాయించేటప్పుడు తీసెయ్యాలనిపించనిదే మంచిది.

వెయ్యి రూపాయలు అనగానే ఇంట్లో రభస. పెద్దాయనకు డప్పు కళాకారుల పింఛను నాలుగువేలు వస్తుంది. అందులోంచి తీసి ఇచ్చాడు. కోడలు రెండురోజులు మాట్లాడలేదట.

పండుగనాడు ప్రభ ముందర కుర్రవాడు రబ్బరు గొడుగులు పెట్టుకునే వాయించాడు. తోటివాళ్ళు "ఏందిరా, ఫోను మాట్లాడుతున్నావా?" అని వెక్కిరించారు. తెల్లవారి వాడి చెవుల్లో ఏమైనా హోరు వున్నదా అని అడిగాను. ఆ హోరే చెవి పెట్టే మొర. లేదన్నాడు. తక్కిన నలుగురికీ మధ్యాహ్నం దాకా వున్నది.

పెద్దాయనను గుంటూరు ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళి చెవి పరీక్ష చేయించాలని వచ్చే సోమవారం అనుకున్నాం. పోయింది రాదు. మిగిలింది ఎంతో తెలుస్తుంది. బయలుదేరే వేళ చెప్పడానికి వాళ్ళింటికి వెళ్తే, మనవడి ప్లగ్గులు అరచేతిలో పెట్టుకుని తిప్పి చూస్తున్నాడు.

"ఇట్టాంటివి నాక్కూడా పట్టుద్దా మాస్టారూ?" అన్నాడు. కుడిచెవి నావైపు తిప్పి.