దుప్పటి నేసే చేతులకు విధానంలో చోటేదీ?

2025 మే 18 తెల్లవారుజామున షోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో ఒక టవళ్ల కార్ఖానా తగలబడింది. యజమాని, ఆయన కుటుంబసభ్యులు, అక్కడే ఉంటున్న కార్మికులు కలిపి 8 మంది చనిపోయారు. వారిలో పసిబిడ్డ కూడా ఉన్నాడు. ఆ ఒక్క కార్ఖానాలో ఏం జరిగిందో తేల్చడం దర్యాప్తు చేసేవారి పని. కానీ మగ్గాలు, నూలు బేళ్లు, వంటగది, పడకగది ఒకే కప్పు కింద ఉండటం ఆ ఊరికి కొత్త కాదు. ఇంటికీ కార్ఖానాకీ మధ్య ఒక గోడ కట్టుకునే స్తోమత లేని పరిశ్రమను పచ్చగా మారమని, డిజిటల్ కమ్మని, ఎంత దెబ్బ తగిలినా నిలబడమని ప్రభుత్వాలు ఇప్పుడు చెబుతున్నాయి. చెప్పడంలో తప్పులేదు. మారే దారి చూపించారా అన్నదే ప్రశ్న.

షోలాపూర్ మగ్గం చరిత్రలో సగం తెలుగువాళ్ల చరిత్రే. తెలంగాణ పల్లెల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలీలు అక్కడి పూర్వభాగాన్ని మరో తెలుగు ఊరిగా మార్చుకున్నారు. 1877లో తొలి నూలు మిల్లు మొదలయ్యాక ఆ వలస ఇంకా చిక్కబడింది. తర్వాత మిల్లులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. యంత్రాలు పాతబడుతున్నా కొత్తవాటిపై పెట్టుబడి పెట్టకపోవడం అందుకు ఒక కారణం. మిల్లు పోయినా మగ్గం నిలిచింది. షోలాపూర్ చద్దరుకూ, టెర్రీ టవలుకూ 2005-06లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఏటా రాఖీ పున్నమినాడు మార్కండేయుడి రథం వెంట నడిచే వేలమందిలో ఈ మగ్గాల మీద బతికే కుటుంబాలే ఎక్కువ. ఆ ఇళ్లలో మగవాళ్లు మగ్గం నడిపితే ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఇంటికి రెండు ఆదాయాలు ఉన్నట్లు కనిపిస్తుంది గానీ, రెండింటికీ భరోసా లేదు.

కేంద్రం 2021లో జౌళి రంగానికి ఉత్పత్తితో ముడిపడిన ప్రోత్సాహక పథకం తెచ్చింది. కేటాయింపు 10,683 కోట్ల రూపాయలు. కృత్రిమ నూలు, సాంకేతిక వస్త్రాల కోసం పెట్టిన ఆ పథకంలో చేరాలంటే కనీస పెట్టుబడి ఒక విభాగంలో 300 కోట్లు, మరో విభాగంలో 100 కోట్లు ఉండాలన్నారు. 2025లో ఆ మొత్తాలను సగానికి తగ్గించారు. సగమైనా 50 కోట్లు! ఎనిమిది మగ్గాల ఆసామి ఆ గేటు దాకా కూడా పోలేడు. చిన్నవాళ్లకు కాస్తో కూస్తో అందిన పథకాల సంగతి చూస్తే, కొత్త యంత్రాలకు రాయితీ ఇచ్చిన సవరించిన సాంకేతిక ఉన్నతీకరణ నిధి పథకం 2022 మార్చితో ఆగింది. పవర్‌లూమ్‌లకు సౌరవిద్యుత్ అమర్చుకోవడానికి సాయం చేస్తామన్న పవర్‌టెక్స్ ఇండియా 2017లో మొదలై, 2021 మార్చితో గడువు ముగించుకుంది. పెద్దవాళ్ల పథకానికి షరతులు సడలించడం, చిన్నవాళ్ల పథకానికి గడువు ముగించడం! ఇదేం న్యాయం?

మహారాష్ట్ర ప్రభుత్వం 2023-28 కాలానికి తెచ్చిన జౌళి విధానం పేరులోనే సుస్థిరత ఉంది. 25 వేల కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు లక్ష్యమన్నారు. అంకెలు ఘనమే. అయితే షోలాపూర్‌లో పచ్చదనం మొదలు కావాల్సింది రెండు చోట్ల. ఒకటి కరెంటు, రెండోది అద్దకం నీళ్లు. ఎండకు కొదవలేని ఆ జిల్లాలో షెడ్ల మీద సౌరఫలకాలు పెడితే మగ్గానికి బిల్లు భారం తగ్గుతుంది. యూనిట్‌కు ఇన్ని పైసలని ఏటా ఇచ్చే రాయితీ అవసరమే. కానీ అది బడ్జెట్ బాగోగుల మీద ఆధారపడే సాయం, కప్పు మీది సౌరఫలకం ఏళ్ల తరబడి ఉండే ఆస్తి.

అద్దకం సంగతికి తిరుపూరు కన్నా పెద్ద పాఠం లేదు. నొయ్యల్ నది రంగునీళ్లతో పాడైపోతోందని రైతులు ఏళ్ల తరబడి పోరాడాక, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూసేయమంది. పని ఆగి కార్మికులు అల్లాడారు. వాడిన నీటిని శుద్ధిచేసి, చుక్క కూడా బయటికి వదలకుండా మళ్లీ వాడుకునే ఉమ్మడి ప్లాంట్ల మీదే ఆ ఊరు తిరిగి లేచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. షోలాపూర్ అంతదాకా ఆగక్కర్లేదు. ఒక్కో చిన్న అద్దకంవాడికి సొంత ప్లాంటు అసాధ్యం. నలుగురూ కలిసి వాడుకునేది ప్రభుత్వమే కట్టించి, నడిపే ఖర్చులో తొలి ఏళ్లు వాటా భరిస్తే పని జరుగుతుంది.

డిజిటల్ మాటా అంతే. యూరప్ సమాఖ్య 2024 జూలైలో అమల్లోకి తెచ్చిన పర్యావరణ డిజైన్ నిబంధనల ప్రకారం, రానున్న ఏళ్లలో బట్టలకూ డిజిటల్ పాస్‌పోర్టు అడుగుతారు. దారం ఎక్కడిది, రంగు ఏమిటి, ఏ రసాయనం వాడారు అన్నది కోడ్ స్కాన్ చేస్తే తెలియాలి. టవళ్లు ఎగుమతి చేసే షోలాపూర్‌కు ఇది దూరపు కబురు కాదు. ఇవాళ చిన్న ఆసామి లెక్కంతా చేతిపుస్తకంలో ఉంది. ఆయనకు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, ఆఫీసులో ఇంగ్లీషు. పోర్టల్‌లో ఒక గడి తప్పుగా నింపితే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఉద్యమ్ నమోదు దగ్గర్నుంచి విద్యుత్ రాయితీ దాకా అన్నీ ఆన్‌లైన్ చేసినప్పుడు, పక్కన కూర్చుని తెలుగులో చెప్పి నింపిపెట్టే మనిషిని కూడా ఇవ్వాలి. ఆ గుర్తింపు కోడే చద్దరుకు రక్షణ కూడా కాగలదు. వేరే ఊళ్లో నేసి షోలాపూర్ పేరుతో అమ్మే సరుకును పట్టుకోవడానికి అంతకన్నా మంచి సాధనం ఏముంది?

ఇక తట్టుకునే శక్తి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రాయితీలు ఆగిన చిన్న ఆసామికి అది గోరుచుట్టు మీద రోకలిపోటు. రేటు తర్వాత పెరిగినా తగ్గినా, ఒక్క దేశం మీద ఆనుకున్న వ్యాపారం ఎంత పలచనో తేలిపోయింది. సరిహద్దు ఇవతల సిరిసిల్ల నేర్పిందీ అదే. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు అక్కడి సాంచాలను నిలబెట్టాయి. 2024లో ఆ ఆర్డరు ఆగేసరికి సాంచాలూ ఆగాయి. కొనేవాడు ప్రభుత్వమైనా, అమెరికా అయినా, ఒక్కడే అయితే అది ఆధారమే గాని బలం కాదు.

కావాల్సినవి పెద్ద కోరికలేం కావు. చిన్న మగ్గాలవాళ్లు సంఘంగా కలిస్తే అందరి పెట్టుబడినీ ఒక్కటిగా లెక్కగట్టి ప్రోత్సాహకం ఇవ్వాలి. గడువు ముగిసిన సౌర సాయాన్ని తిరిగి తేవాలి. చిన్న యూనిట్లకు బాకీ 45 రోజుల్లో చెల్లించాలన్న నిబంధన కాగితం దిగి కార్ఖానా గుమ్మం దాకా రావాలి. అన్నిటికన్నా ముందు, కార్మికులు నిద్రపోయే చోటు కార్ఖానా బయట ఉండాలి. అందుకు ఎంఐడీసీ పక్కనే అద్దె గదులు కట్టాలి, అగ్నిమాపక తనిఖీ లంచాలకు కాకుండా ప్రాణాలకు జరగాలి.

పూర్వభాగం పెద్దలు చేయాల్సిందీ ఉంది. ఎన్నికలప్పుడు రాయితీ అడిగి, ఆ తర్వాత ఎవరి మగ్గం వాళ్లు చూసుకుంటే ఏ పథకమూ నిలవదు. పుణె, హైదరాబాదుల్లో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే బిడ్డలు అదే వాడలోంచి వెళ్లినవాళ్లే. తాతల చేతిపుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని వాళ్లకు పూటలో పని. పడుగుకు పేక తోడైతేనే బట్ట. ప్రభుత్వం పడుగు పరిస్తే, పేక వేయాల్సింది సమాజమే.